108 ఎంపీనా, 50 ఎంపీనా? ఫోన్ కొనేటప్పుడు నిజంగా చూడాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరు దగ్గర పల్లె. బడ్జెట్ 18 వేలు. ఫిబ్రవరిలో చెల్లెలి పెళ్లి, ఆ ఫోటోలు వీడియోలు బాగా రావాలి. తర్వాత అదే ఫోన్‌ను మీరూ, మిర్చి పంట చూసుకునే మీ నాన్నగారూ కలిసి నాలుగేళ్లు వాడాలి. రెండు ఫోన్లు అనుకున్నారు. మొదటిది 15 వేలు: 108 ఎంపీ (మెగాపిక్సెల్) కెమెరా, "16 జీబీ ర్యామ్", స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 చిప్. రెండోది 18 వేలు: 50 ఎంపీ కెమెరా, ఓఐఎస్ (చెయ్యి వణుకును సర్దే ఏర్పాటు) ఉంది, 8 జీబీ ర్యామ్, డైమెన్సిటీ 7300 చిప్. మీ బావగారు "108 ముందు 50 ఎక్కడ నిలుస్తుంది" అంటున్నారు. మీ ఫ్రెండేమో "స్పెసిఫికేషన్లు చూసి ఎవరూ బాగుపడలేదు, కంపెనీ పేరు చూసి కొనేయ్" అంటున్నారు.

రెండోదే తీసుకోండి. స్పెసిఫికేషన్లు ముఖ్యమే, చాలా ముఖ్యం. కాకపోతే డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసేవి కాదు. మీ ఫోన్ ఎన్నేళ్లు సుఖంగా నడుస్తుందో చెప్పే వివరాలు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి, కొన్నిసార్లు అక్కడ కూడా ఉండవు.

నేను 2009 నుంచి ఫోన్లు రిపేర్ చేస్తున్నాను. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో పని నేర్చుకున్నాను, 2014 నుంచి ఖమ్మంలో సొంత షాపు. కొత్త ఫోన్లు కూడా అమ్ముతాం. కానీ రోజులో ఎక్కువసేపు నేను ఉండేది రిపేర్ టేబుల్ దగ్గరే. కొత్త ఫోన్ మొదటి రోజు ఎలా ఉంటుందో యూట్యూబ్‌లో అందరూ చూపిస్తారు. మూడో ఏడు ఎలా ఉంటుందో నా టేబుల్ మీదకు వస్తుంది. అందుకే అక్కడి నుంచే చెప్తాను.

ముందు కెమెరా సంగతి, మీ ఆందోళన అంతా దాని గురించే కాబట్టి.

కెమెరా లోపల సెన్సర్ అని చిన్న పలక ఉంటుంది. దాన్ని కళ్లం అనుకోండి, మీకు కళ్లం కొత్త కాదు. కళ్లం ఎంత వెడల్పు ఉంటే అన్ని కాయలు ఎండుతాయి. ఉన్న కళ్లంలోనే సున్నంతో గీతలు గీసి 50 గళ్లు చేసినా, 108 గళ్లు చేసినా ఎండే కాయలు అవే. మెగాపిక్సెల్ అంటే ఆ గళ్ల లెక్క. ఫోటోకు కావలసింది వెలుగు. వెలుగు ఎంత పడుతుందనేది కళ్లం సైజును బట్టి, అంటే సెన్సర్ సైజును బట్టి ఉంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 108 ఎంపీ ఫోన్ మామూలుగా ఇచ్చే ఫోటో 108 ఎంపీది కాదు. తొమ్మిది పిక్సెళ్లను, అంటే తొమ్మిది గళ్లను, కలిపి ఒకటి చేసి, చివరికి 12 ఎంపీ ఫోటో ఇస్తుంది. 50 ఎంపీ ఫోన్ నాలుగింటిని కలిపి 12.5 ఎంపీ ఇస్తుంది. అంటే మీ రెండు ఫోన్ల నుంచి బయటికొచ్చే ఫోటో సైజు దాదాపు ఒకటే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి 108 మోడ్ ఆన్ చేస్తే పూర్తి సైజు వస్తుంది. కానీ అది ఎండలో కొండో, గుడి గోపురమో తీయడానికి పనికొస్తుంది. ట్యూబ్‌లైట్ కింద అదే మోడ్‌లో తీస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది, ఫోటో సేవ్ కావడానికి ఆగాలి, స్టోరేజ్ కూడా గబగబా తినేస్తుంది.

12 ఎంపీ చాలా తక్కువేమో అనిపిస్తుంది. కాదు. 12 ఎంపీ అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు. 4కే టీవీ తెర మొత్తం కలిపినా 8.3 ఎంపీకి మించదు. అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో ప్రింట్ వేసినా 13 అంగుళాల ఫోటో శుభ్రంగా వస్తుంది. పెళ్లి ఫ్లెక్సీకి కూడా చాలు, దాన్ని దూరం నుంచి చూస్తాం కాబట్టి. ఐఫోన్ 2015లో వచ్చిన 6ఎస్ నుంచి 2021లో వచ్చిన 13 వరకు వెనక కెమెరా 12 ఎంపీ దగ్గరే ఉంది. ఆ ఆరేళ్లలో వాటి ఫోటోలు ఎంత మెరుగయ్యాయో చూసినవాళ్లకు తెలుసు. మరోపక్క నోకియా 2012లోనే 808 ప్యూర్‌వ్యూలో 41 ఎంపీ పెట్టింది. అంకె పెంచడం కొత్త విద్య కాదు.

ఇక వాట్సాప్. మీరు తీసిన ఫోటోల్లో నూటికి తొంభై అక్కడికే వెళ్తాయి కదా. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను పొడవు సుమారు 1600 చుక్కలకు కుదించేస్తుంది, అంటే 2 ఎంపీ కూడా ఉండదు. 108తో తీసినా, 12తో తీసినా అటు చేరేది అంతే.

అలాగని 50 ఎంపీ అని రాసి ఉన్నవన్నీ ఒకటే అనుకోవద్దు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. శాంసంగ్ చేసే జేఎన్1 అనే సెన్సర్ 50 ఎంపీ, సైజు 1/2.76 అంగుళాలు. సోనీ ఐఎంఎక్స్890 కూడా 50 ఎంపీయే, సైజు 1/1.56 అంగుళాలు. కింద అంకె ఎంత చిన్నదైతే సెన్సర్ అంత పెద్దది. ఈ రెండింటి విస్తీర్ణం లెక్కేస్తే రెండోది మొదటిదానికి మూడింతలు. డబ్బా మీద మాత్రం రెండింటికీ "50 ఎంపీ" అనే ఉంటుంది.

మీ బావగారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మీరు చెప్పిన ధరలో 108 ఎంపీ ఫోన్లలో సాధారణంగా వాడే సెన్సర్ 1/1.67 సైజు. 50 ఎంపీ, ఓఐఎస్ ఉన్నవాటిలో ఎక్కువగా వాడేది 1/1.95 సైజు. అంటే కళ్లం వెడల్పు చూస్తే మొదటిదే కాస్త పెద్దది. పగటిపూట ఆరుబయట తీస్తే మొదటిది ఏమాత్రం తీసిపోదు. మరి రెండోది ఎందుకు తీసుకోమంటున్నాను? రెండు కారణాలు: ఓఐఎస్, చిప్.

ఓఐఎస్ అంటే చెయ్యి వణికినప్పుడు లెన్స్ దానికి ఎదురుగా కదిలి బొమ్మను నిలబెట్టే ఏర్పాటు. విప్పి చూస్తే లెన్స్ సన్నని తీగల మీద వేలాడుతూ ఉంటుంది, పక్కన చిన్న అయస్కాంతాలు. ఆ ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే చాలా మోడళ్లలో లోపల టిక్ టిక్‌మని వినిపిస్తుంది. అది లోపం కాదు. "కొత్త ఫోన్‌లో ఏదో ఊడిపోయింది" అని టెన్షన్ పడుతూ నా దగ్గరకు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వెలుగు తక్కువైనప్పుడు కెమెరా ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచాలి, ఆ కాసేపట్లో మన చెయ్యి కదులుతుంది, ఫోటో అలుక్కుపోతుంది. ఓఐఎస్ ఉంటే ఆ బాధ బాగా తగ్గుతుంది. డబ్బా మీద "ఈఐఎస్" అని ఉంటే అది వేరే. అది సాఫ్ట్‌వేర్‌తో వీడియో అంచులు కోసి స్థిరంగా కనిపించేలా చేసేది, రాత్రి ఫోటోకు అది ఉపయోగపడదు.

మన పెళ్లిళ్లలో సగం ముహూర్తాలు రాత్రే. జీలకర్ర బెల్లం పెట్టేది తెల్లవారుజాము మూడింటికైతే కెమెరాకు అందే వెలుగు షామియానా లైట్లు, వీడియో వాళ్ల ఫ్లాష్ లైట్ అంతే. అక్కడ 108 ఏ సాయమూ చేయదు, ఓఐఎస్ చేస్తుంది. కానీ దానికీ ఒక హద్దు ఉంది. అది మీ చెయ్యి వణుకును ఆపుతుంది గానీ ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు చేతులు, బియ్యం, నవ్వుతూ తలలు తిప్పడం, అన్నీ కదులుతూనే ఉంటాయి. అప్పుడు ఒక్క ఫోటో కోసం ప్రయత్నించకండి. వీడియో తీయండి, తర్వాత అందులోంచి కావలసిన ఫ్రేమ్ తీసుకోవచ్చు.

అక్కడే చిప్ సంగతి వస్తుంది. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 చిప్ వీడియోను 1080పీ (ఫుల్ హెచ్‌డీ) వరకే రికార్డ్ చేయగలదు. కెమెరా 108 ఎంపీ అయినా సరే, చిప్ హద్దు అంతే. 1080పీ వీడియోలోంచి తీసిన ఫ్రేమ్ 2 ఎంపీ. డైమెన్సిటీ 7300 చిప్ 4కే రికార్డ్ చేయగలదు, అందులోంచి తీసిన ఫ్రేమ్ 8 ఎంపీ. తలంబ్రాల వీడియోలోంచి తీసిన ఫ్రేమ్‌ను ప్రింట్ వేసి గోడకు తగిలించుకోవాలంటే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫోటో అనేది లెన్స్ ఒక్కటే చేసే పని కాదు. సెన్సర్ పట్టింది చిప్ వండాలి. అందుకే కెమెరా బాగుండాలన్నా చిప్ వివరాలు చూడక తప్పదు.

ఒక జాగ్రత్త. ఓఐఎస్ ఉన్న ఫోన్‌ను బైక్ హ్యాండిల్‌కు బిగించి మ్యాప్ చూసుకుంటూ రోజూ తిరగకండి. ఇంజిన్ అదురుకు ఆ సన్నని తీగలు దెబ్బతింటాయి. ఆపిల్ కంపెనీ 2021లో తన ఐఫోన్ల గురించి ఇదే హెచ్చరిక ఇచ్చింది. డెలివరీ పని చేసే కుర్రాళ్లు "కెమెరా తెరిస్తే బొమ్మ వణుకుతోంది" అని వస్తే నేను మొదట అడిగేది "హ్యాండిల్‌కు పెట్టుకుంటావా" అనే.

స్పెసిఫికేషన్లలో ఎక్కడా రాయని ఒక సంగతి చెప్పాలి, నాకు ఇది చాలా ముఖ్యం. రంగులు, ముఖ్యంగా మన చర్మం రంగు. రెండేళ్ల క్రితం ఒకావిడ కూతురితో షాపుకు వచ్చారు. కూతురి ఓణీల ఫంక్షన్‌కు ఫోన్ కావాలి. నేను చూపిన ఒక ఫోన్‌తో అమ్మాయిని అక్కడే ఫోటో తీశాం. చక్కని చామనఛాయ పిల్ల. ఫోటోలో సున్నం కొట్టినట్టు తెల్లగా, ముక్కు పక్కనున్న పుట్టుమచ్చ కూడా మాయమై వచ్చింది. ఆవిడ ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, "ఇది మా పిల్ల కాదయ్యా" అన్నారు. బ్యూటీ సెట్టింగ్ అంతా ఆఫ్ చేసి మళ్లీ తీసినా సగమే తగ్గింది, ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే అలా వండుతుంది. ధర ఎక్కువైన ఆ ఫోన్ పక్కనపెట్టి, రెండు వేలు తక్కువలో వేరేది తీసుకున్నారు. పిల్ల మొహం పిల్ల మొహంలాగే వచ్చింది. చీరలతో కూడా ఇదే ఇబ్బంది. రాణీ రంగు చీర కొన్ని ఫోన్లలో ఎర్రగా మారిపోతుంది, జరీ అంచు పసుపు ముద్దలా వస్తుంది. పెళ్లికి కొంటున్నారు కాబట్టి ఇది తప్పకుండా చూసుకోండి. ఏ అంకెలోనూ ఇది దొరకదు, షాపులో తీసి చూడాల్సిందే.

వెనక "మూడు కెమెరాలు, నాలుగు కెమెరాలు" అని ఉంటే మురిసిపోకండి. ఈ ధరలో పెద్దది ఒక్కటే కెమెరా. 2 ఎంపీ మాక్రో (బాగా దగ్గరి ఫోటోలకు), 2 ఎంపీ డెప్త్ (దూరం అంచనాకు) అనేవి నేను విప్పి చూస్తే కందిగింజంత ఉంటాయి, చాలావాటిలో ఫోకస్ మార్చే మోటారే ఉండదు. వెనకవైపు నిండుగా కనిపించడానికి పెట్టినవి అవి. 2017లో గూగుల్ పిక్సెల్ 2 వెనక ఒకే ఒక్క కెమెరా ఉండేది, దానితోనే వెనక మసకబారే పోర్ట్రెయిట్ ఫోటోలు తీసి చూపించింది. 8 ఎంపీ అల్ట్రావైడ్ ఉంటే మాత్రం కొంత ఉపయోగం. ఇరవై మంది చుట్టాలు ఒకే ఫోటోలో పట్టాలంటే పగటిపూట అది పనికొస్తుంది.

ఇక కెమెరా వదిలేసి, నాలుగేళ్లు నడవాలంటే ఏం చూడాలో చెప్తాను.

నా టేబుల్ మీదకు వచ్చే "ఫోన్ హ్యాంగ్ అవుతోంది" కేసుల్లో ఎక్కువవాటికి కారణం ర్యామ్ కాదు, స్టోరేజ్ రకం. ఈఎంఎంసీ, యూఎఫ్‌ఎస్ అని రెండు రకాలు. ఈఎంఎంసీ 5.1 సెకనుకు సుమారు 250 ఎంబీ చదవగలదు. యూఎఫ్‌ఎస్ 2.2 దాదాపు 1000 ఎంబీ. పైగా ఈఎంఎంసీ ఒకేసారి చదవడం, రాయడం రెండూ చేయలేదు, యూఎఫ్‌ఎస్ చేయగలదు. కొత్తలో తేడా అంతగా తెలియదు. ఫోన్ నిండేకొద్దీ తెలుస్తుంది. ఒక అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చారు, ఫోన్‌కు రెండేళ్లు కూడా నిండలేదు. కెమెరా పెద్ద అంకె చూసి వాళ్లబ్బాయి కొనిచ్చాడు. 64 జీబీ ఈఎంఎంసీ. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన వీడియోలతోనే 40 జీబీ నిండిపోయింది. పిల్లల వివరాలు ఎక్కించే యాప్ తెరవడానికి నిమిషం పడుతోంది, ఫోటో తీయబోతే "స్టోరేజ్ నిండింది" అంటోంది. ఆవిడ దాదాపు ఏడుపు మొహంతో కూర్చున్నారు, ఉద్యోగం ఆ ఫోన్ మీదే నడుస్తోంది మరి. గంటసేపు కూర్చుని ఒక్కో ఫోల్డర్ తెరిచి, మనవరాలి ఫోటోలు ఒక్కటీ పోకుండా చూసి, మిగతావి తీసేశాను. ఫోన్ బతికింది. కానీ ఆ స్టోరేజ్‌ను వేగంగా మార్చడం నా చేతుల్లో లేదు, ఎవరి చేతుల్లోనూ లేదు. అందుకే కొనేముందే చూడాలి: 128 జీబీ, యూఎఫ్‌ఎస్, తక్కువలో తక్కువ 2.2.

"16 జీబీ ర్యామ్" అన్నదానికి పక్కనే చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది చూడండి. 8 అసలు ర్యామ్, ఇంకో 8 స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చింది. స్టోరేజ్ ర్యామ్ అంత వేగంగా ఎప్పటికీ ఉండదు. ఆ అంకెకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. మీ రెండు ఫోన్లలోనూ అసలు ర్యామ్ 8 జీబీయే.

"ఆక్టా కోర్", అంటే చిప్‌లో పనిచేసే భాగాలు ఎనిమిది అన్నది కూడా అలాంటిదే. ఎనిమిది మంది హమాలీలు ఉన్నారంటే సరిపోదు, బస్తా ఎత్తగలిగేవాళ్లు ఎంతమంది అని అడగాలి. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2లో ఎనిమిదిలో రెండే బలమైనవి, మిగతా ఆరు తేలిక పనులకు. డైమెన్సిటీ 7300లో బలమైనవి నాలుగు. ఈరోజు రెండూ బాగానే నడుస్తాయి. మూడో ఏడు యాప్‌లు బరువెక్కాక ఎక్కువున్న ఆ రెండే ఫోన్‌ను లాగుతాయి.

అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. దీన్ని షాపులో అడిగేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. ఆండ్రాయిడ్ వెర్షన్ బాగా పాతబడితే బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తాయి. ఫోన్ బాగానే ఉంటుంది, ఫోన్‌పే, బ్యాంకు యాప్ తెరుచుకోవు. అప్పుడు నేనేమీ చేయలేను. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో ఎస్24కు ఏడేళ్లు ప్రకటించాయి. ఖరీదైనవాటికే ఇలా ఇస్తారనుకుంటారు గానీ, తక్కువ ధరలో శాంసంగ్ ఏ16 5జీకి కూడా ఆరేళ్లు ఇచ్చారు. మీరు నాలుగేళ్లు వాడతానంటున్నారు కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు నాలుగేళ్లకు తగ్గకుండా చూసుకోండి. మీ రెండో ఫోన్‌కు అవి రెండేళ్లే అని తేలితే, నేను చెప్పిన మాట పక్కనపెట్టి అదే ధరలో ఇంకోటి వెతకండి.

తెర గురించి. అమోలెడ్ రకం తెర బాగుంటుంది, రంగులు, నలుపు అన్నీ. కానీ నా సొంత ఫోన్‌కే, ఓ పేరున్న కంపెనీది, పందొమ్మిదో నెలలో అప్‌డేట్ చేసిన మర్నాడు తెర మీద పైనుంచి కిందికి పచ్చగీత పడింది. ఎక్కడా పడలేదు, తడవలేదు. వారంటీ ఏడాదే. తెర మార్చాలంటే ఫోన్ కొన్న ధరలో దాదాపు సగం అడిగారు. కస్టమర్లకు ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు వాళ్ల మొహం చూడలేకపోయేవాణ్ణి, నాకే జరిగాక ఇంకా బాగా అర్థమైంది. తెర మార్చడం అంత ఖర్చు కాబట్టి వంపు తిరిగిన తెర వద్దు. దాని మీద గ్లాసు సరిగ్గా అతకదు, పగిలితే ఖర్చు ఎక్కువ. చదునైన తెర తీసుకుని మొదటి రోజే గ్లాసు వేయించండి.

"4000 నిట్స్ వెలుగు" అని వేస్తారు. అది తెరలో చిన్న ముక్క కాసేపు వెలిగే వెలుగు, తెర మొత్తం అంత వెలగదు. మీ నాన్నగారు మే నెల మధ్యాహ్నం చేలో నిలబడి ఫోన్ చూడాలి. దానికి పరీక్ష తేలిక: ఫోన్‌ను షాపు బయటకు తీసుకెళ్లి ఎండలో పట్టుకుని, కాంటాక్ట్‌లో ఒక నంబరు చదవండి. ఇవ్వనంటే బిల్లింగ్ అబ్బాయిని కూడా రమ్మనండి.

బ్యాటరీ విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు. ఈ ధరలో 5000 ఎంఏహెచ్ అందరూ ఇస్తున్నారు. ఛార్జర్ 33 వాట్లా, 67 వాట్లా అన్నది కొనుగోలును తేల్చేంత విషయం కాదు. బ్యాటరీని తినేది వేడి. ఏప్రిల్, మే వచ్చాయంటే ఉబ్బిన బ్యాటరీలు వరుసగా వస్తాయి, ఎక్కువ భాగం దిండు కింద ఛార్జింగ్ పెట్టినవి, ట్రాక్టర్ డ్యాష్‌బోర్డు మీద వదిలేసినవి.

పొలంలో వాడే ఫోన్ కాబట్టి ఇంకో మాట. మా మిర్చి యార్డు నుంచి వచ్చే ఫోన్లు విప్పితే స్పీకర్ జాలి మీద ఎర్రటి పొర ఉంటుంది. ఛార్జింగ్ పోర్టులో కారం దుమ్ము గట్టిగా అంటుకుని పిన్ లోపలికి దిగదు. సూదితో కదిపితే నాకే తుమ్ములు. "మాట సరిగా వినిపించట్లేదు, ఫోన్ పాడైంది" అని వచ్చినవాళ్లలో చాలామందికి మెత్తటి బ్రష్‌తో పని అయిపోతుంది, డబ్బులు కూడా తీసుకోను. ఐపీ64 లాంటి దుమ్ము, నీటి రక్షణ రేటింగ్ ఉంటే అందులో మొదటి అంకె 6 దుమ్ముకు సంబంధించింది, మీ ఇంటికి అది నీటి అంకె కన్నా ఎక్కువ ఉపయోగం.

5జీ ఉందా అని కాదు, ఏ బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే తరంగాల రకాలు) ఉన్నాయి అని చూడండి. ఎన్78, ఎన్28 రెండూ ఉండాలి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్. దూరం వెళ్తుంది, గోడల్లోంచి దూరుతుంది, జియో 5జీకి వాడుతోంది. పల్లెలో ఉండేవాళ్లకు అది లేకపోతే పేరుకు 5జీ ఫోన్ గానీ ఇంట్లోకి రాగానే సిగ్నల్ పడిపోతుంది.

సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎంత దూరంలో ఉందో కూడా కనుక్కోండి. మీకు గుంటూరు, విజయవాడ దగ్గరే కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు. ఇక్కడ ఖమ్మంలో కొన్ని కంపెనీల ఫోన్లకు నా కస్టమర్లు హైదరాబాద్ బస్సు ఎక్కాల్సి వస్తోంది.

మీ ఫ్రెండ్ చెప్పిన "కంపెనీ పేరు చూసి కొను" సంగతి. ఒకే కంపెనీ 10 వేలకు ఒకటి, 18 వేలకు ఒకటి, 60 వేలకు ఒకటి అమ్ముతుంది. లోపల చిప్, స్టోరేజ్, సెన్సర్ అన్నీ వేరు. పేరు ఒక్కటే ఒకటి. అప్‌డేట్ల విషయంలో, సర్వీస్ విషయంలో పేరు కొంత పనికొస్తుంది. కెమెరా విషయంలో మోడల్‌ను బట్టే చూడాలి.

షాపులో ఏం చేయాలంటే: డెమో ఫోన్లు రెండూ ఒకేసారి అడగండి. ఫ్లాష్ ఆపేసి, వెలుగు తక్కువగా ఉన్న మూలలో మీతో వచ్చినవాళ్లను నడవమని, రెండింటితోనూ తీయండి. చెల్లెల్ని తీసుకెళ్తే ఇంకా మంచిది, వీలైతే పెళ్లి చీర అంచు ముక్కో, అదే రంగు జాకెట్ గుడ్డో పట్టుకెళ్లండి. ఆ ఫోటోలను తెర మీద చూసి తేల్చకండి, ఎందుకంటే ఒక ఫోన్ తెరే రంగులు ఎక్కువ చేసి చూపించొచ్చు. రెండూ మీ ఫోన్‌కు పంపించుకుని, ఒకే తెర మీద పక్కపక్కన చూడండి. పొలం పాస్‌పుస్తకం పేజీ ఒకటి ఫోటో తీసి, పెద్దది చేసి సర్వే నంబరు మూలల్లో కూడా స్పష్టంగా ఉందో లేదో చూడండి. తర్వాత ఏళ్ల తరబడి మీ నాన్నగారు ఎక్కువగా తీసేవి అలాంటి ఫోటోలే.

ఒకవేళ నిజంగా 15 వేలు దాటలేని పరిస్థితి అయితే బాధపడకండి. మొదటి ఫోన్ చెడ్డది కాదు. పగటి ఫోటోలు బాగుంటాయి, రాత్రి మాత్రం మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీయాలి. మూడు వేల కోసం వడ్డీకి తేవద్దు, పెళ్లి ఖర్చులు మీకు ఎలాగూ ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో పాత ఖరీదైన ఫోన్ తీసుకుంటే ఇదే డబ్బుకు ఇంకా మంచి కెమెరా వస్తుంది, అది నిజం. కానీ బిల్లు లేకుండా కొనకండి. *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపితే దాని వివరాలు చెప్తారు. దొంగ ఫోన్ అని తేలితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పాతవాటిలో బ్యాటరీ మార్పిడికీ, మిగిలిన అప్‌డేట్లకూ లెక్క వేసుకోండి. నాలుగేళ్ల వాడకానికి మీకు కొత్తదే మేలు.

ఫోన్‌ను పెళ్లికి ముందురోజు కొనకండి, కనీసం మూడు వారాల ముందు కొనండి. లోపం ఉంటే మార్పించుకోవడానికి టైమ్ ఉంటుంది, మీ చేతికి కూడా అలవాటవుతుంది. పెళ్లిరోజుకు 40 జీబీ ఖాళీ ఉంచుకోండి, 4కే వీడియో నిమిషానికి 350 ఎంబీ దాకా తీసుకోవచ్చు. చుట్టాలకు ఫోటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో హెచ్‌డీ గుర్తు నొక్కి పంపండి. ప్రింట్ వేయించుకునేవాళ్లకు మాత్రం "డాక్యుమెంట్"గా పంపండి, అప్పుడు అసలు సైజులో వెళ్తుంది.

ఇంకొకటి. పెళ్లింట్లో ఆ రోజు అందరి చేతులకూ పసుపు, నూనె, కొబ్బరినీళ్లు ఉంటాయి. ఫోన్ నలుగురి చేతులు మారుతుంది. లెన్స్ మీద ఒక్క వేలిముద్ర పడితే లైట్ల చుట్టూ పొగలా వస్తుంది, ఆ మసక తర్వాత ఏ యాప్‌తోనూ పోదు. జేబులో మెత్తటి పాత నూలు గుడ్డ ముక్క ఒకటి పెట్టుకుని, ముఖ్యమైన ఘట్టానికి ముందు ఒకసారి లెన్స్ తుడవండి.